వీధి చివర కొట్టు

ప్రతిసారీ డిపాజిట్లూ వడ్డీలూ అంటూ మీకు విసుగు తెప్పించే నేను ఈసారి ఒక చిల్లర కొట్టు గురించి రాస్తున్నాను. అందులో నా పొరపాటు కూడా ఒకటి ఉంది.

చెన్నైలో నది ఒడ్డునా కాలువల పక్కనా గుడిసెలలో ఉన్నవారిని 2000వ సంవత్సరం నుంచి ఊరికి దక్షిణాన, పాత మహాబలిపురం రోడ్డు పక్కన కట్టిన కణ్ణగి నగర్‌కు తరలించారు. పదిహేను వేలకు పైగా ఇళ్లు. తరువాత ఆ దగ్గరలోనే పెరుంబాక్కంలో ఎనిమిదంతస్తుల భవనాలు లేచాయి. తాతల నాడు నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి చెన్నపట్నం వచ్చి పారిశుధ్య పనిలో స్థిరపడిన మన తెలుగువారూ ఇలాంటి కాలనీల్లో ఉన్నారు.

వారికి ఇల్లు వచ్చింది గాని కొట్టు పోయింది. పాత పేటలో వీధి చివర ఒక కొట్టు ఉండేది. తమిళులు అణ్ణాచ్చి అని పిలుచుకునే ఆ కొట్టు యజమాని ఇరవై ఏళ్లుగా ముఖం చూసి అప్పిచ్చేవాడు. కొత్త చోట ఆ ముఖపరిచయం ఎక్కడిది?

2006లో నేను ఆ ప్రాంతపు బ్యాంకు శాఖలో ఆఫీసరుగా ఉన్నాను. ఒకరోజు నలభై ఏళ్ల ఆవిడ వచ్చి, నా పేరు చూసి కాబోలు, తెలుగులోనే మాట్లాడింది. “సారూ, ఇల్లు ఇచ్చినారు, బాగుండాది. ఉప్పు కావాలన్నా రోడ్డు దాకా పోవాల. పది వేలిస్తే ఇంటి ముందర అంగడి పెట్టుకుంటా” అంది.

నేను కాగితాలు చూశాను. ఇల్లు నివాసానికి కేటాయించినది. కొట్టుకు లైసెన్సు లేదు, హామీ లేదు. నిజం చెప్పాలంటే చిరునామా చూడగానే నా మనసు సగం వెనక్కి తగ్గింది. “కుదరదమ్మా” అన్నాను. ఆవిడ మారు మాట్లాడకుండా వెళ్లిపోయింది.

తరువాత రోజువారీ వసూలు చేసే వ్యాపారి దగ్గర తీసుకుందట. పదివేల అప్పుకు చేతికిచ్చేది 8,500. రోజుకు వంద చొప్పున నూరు రోజులు కట్టాలి. పైకి చూస్తే పదిహేను వందలే వడ్డీ. కాని అసలు రోజురోజుకూ తీరిపోతుంటుంది కనుక సరిగా లెక్క వేస్తే అది ఏడాదికి నూటికి నూరు దాటుతుంది. నాలుగైదు సార్లు అలా తిప్పాక కొట్టు మూతపడింది. రెండేళ్లకు ఎదురైనప్పుడు ఆవిడ అన్న మాట ఇంకా నా చెవిలో ఉంది: “అంగడి నష్టంలో పోలేదు సారూ, వడ్డీలో పోయింది.”

బి.కాం.లో సరుకు టర్నోవరు గురించి చదువుకున్నాను. పరీక్షలో మార్కులూ వచ్చాయి. కాని ఆవిడ కొట్టులో వారం తిరక్కుండా సరుకు అమ్ముడుపోతుందని నాకు తోచలేదు. పిండి కొద్దీ రొట్టె అన్నట్టు రోజు కూలీ వచ్చేవారు ఏ రోజుకారోజు కొంటారు. పావు కిలో పప్పు, యాభై గ్రాముల నూనె. అలాంటి పేటలో డబ్బు లేక కాదు, ఆ డబ్బు చిన్న చిన్న నోట్లుగా వస్తుంది కనుక పెద్ద కొట్లవారికీ మాకూ కనిపించదు. నష్టం కొనేవారిదే. చిన్న పొట్లానికి ధర ఎక్కువ, పైగా దూరం. 2021 నుంచి చెన్నై మామూలు సిటీ బస్సుల్లో ఆడవారికి టికెట్టు లేదు, సంతోషమే. కాని పని మానుకుని వెళ్లే గంటకు కూలీ ఎవరిస్తారు?

దీనికి దారి లేకపోలేదు. ఇంగ్లండులోని రాచ్‌డేల్‌లో 1844లో 28 మంది తలా ఒక పౌను వేసుకుని కొట్టు తెరిచారు. వెన్న, పంచదార, పిండి, కొవ్వొత్తులు వంటి నాలుగైదు సరుకులతో మొదలుపెట్టి, లాభాన్ని కొన్నవారికే పంచారు. మన చెన్నైలోనూ 1904లోనే ట్రిప్లికేన్ అర్బన్ కోఆపరేటివ్ సొసైటీ పుట్టింది. అయితే ఒక సంగతి మరవకూడదు. రాచ్‌డేల్ వారు అప్పు ఇవ్వలేదు, నగదుకే అమ్మారు. రోజు కూలీల పేటలో అరువు లేని కొట్టు నడవడం కష్టం, అరువుకు పెట్టుబడి లేనిదీ నిలవడం కష్టం. అక్కడే బ్యాంకు అవసరం.

స్వయం సహాయక బృందాలకు బ్యాంకు అప్పులు 1992లోనే మొదలయ్యాయి. పదిమందిని కూడగట్టుకుని రమ్మని ఆ రోజు నేను చెప్పవలసింది, చెప్పలేదు. 2015లో వచ్చిన ముద్రా పథకంలో శిశు విభాగం కింద యాభై వేల దాకా హామీ లేకుండా అప్పు దొరుకుతుంది. వీధి వ్యాపారులకు 2020లో పదివేలతో మొదలైన స్వనిధి తొలి విడతను 2025లో పదిహేను వేలు చేశారు.

పథకాలున్నాయి, ఫారం నింపేవారు కావాలి. మన సంఘంలో బ్యాంకుల్లో పనిచేసేవారూ రిటైరైనవారూ చాలామందే ఉన్నాం. మీ ఊళ్లోనూ ఊరి చివర ఇలాంటి కాలనీ ఒకటి ఉండే ఉంటుంది. ఒక ఆదివారం వెళ్లి, కొట్టు పెట్టాలనుకునే ఒక్క తల్లికి కాగితాలు సరిచేసి ఇవ్వండి. నేను ఒకరికి చేయలేకపోయిన పని అది. ఇప్పుడైనా మొదలుపెడుతున్నాను.