కొండ ఊపిరిని సీసాలో పట్టిన రసాయనజ్ఞుడు

అగ్నిపర్వతమనగానే మన కన్నుల ముందు మెదిలేది ఎర్రని లావా. అయితే ఆ లావాను పైకి నెట్టేవి దానిలో కరిగియున్న వాయువులే. సోడా సీసా మూత తీసిన క్షణాన నురగ ఎగజిమ్మినట్లు, భూగర్భంలోని శిలాద్రవం పైకి వచ్చేకొద్దీ దానిపై ఒత్తిడి తగ్గి, అందులోని వాయువులు వేరుపడి విస్ఫోటనానికి కారణమవుతాయి. కొండ లోపలి సంగతి తెలియాలంటే దాని ఊపిరిని పరీక్షించాలి. ఆ పనికే జీవితాన్ని వెచ్చించిన వెర్నర్ గిగెన్‌బాక్ గురించి ఈ మాసం ముచ్చటిస్తాము.

ఆయన జర్మనీలో జన్మించి న్యూజిలాండ్‌లో స్థిరపడినారు. అక్కడి ప్రభుత్వ వైజ్ఞానిక, పారిశ్రామిక పరిశోధన శాఖలో రసాయన శాస్త్రజ్ఞులు. మన వంటి నెలజీతపు ఉద్యోగియే!

కొండపై ధూమరంధ్రాల నుండి వెలువడే దానిలో అధికభాగం నీటి ఆవిరి. తరువాతి స్థానం బొగ్గుపులుసు వాయువుది, గంధక వాయువులది. హైడ్రోజన్, నత్రజని, ఆర్గాన్ వంటివి లేశమాత్రం. చిత్రమేమంటే లోపలి ఉష్ణోగ్రతను, వాయువు పుట్టుకను ఎక్కువగా తెలిపేవి ఈ లేశమాత్రపు వాయువులే. మామూలు సీసాలో పడితే అవి కొలతకు అందవు. గిగెన్‌బాక్ గాజు సీసాలో కొంత కాస్టిక్ సోడా ద్రావణం పోసి, గాలినంతా తోడివేసి, బిరడా బిగించి కొండపైకి తీసికొనిపోయేవారు. రంధ్రంలో గొట్టం దించి బిరడా తిప్పితే సీసాయే వాయువును లోనికి పీల్చుకొంటుంది. ఆవిరి నీరవుతుంది, ఆమ్లవాయువులు సోడాలో కలిసిపోతాయి. పైనున్న ఖాళీలో హైడ్రోజన్ మొదలైనవి చిక్కగా పోగుపడతాయి. 1975లో ప్రచురించిన వ్యాసం శీర్షికలోనే ఆయన దీనిని సులభమైన పద్ధతి అన్నారు. సులభమన్నది సీసా వరకే సుమా!

1978లో అంటార్కిటికాలోని ఎరిబస్ పర్వతంపై, లావా సరస్సు వాయువు కోసం ఆయన తాడు సాయంతో అగ్నిబిలంలోనికి దిగుతుండగా చిన్న విస్ఫోటనం సంభవించినది. ఎగిరివచ్చిన లావా ముద్ద ఒకటి ఆయనను రాసుకొనిపోయినది. ప్రయత్నం విరమించవలసి వచ్చినది.

ఇంత సాహసం దేనికని అడుగవచ్చు. 1986 ఆగస్టు 21 రాత్రి ఆఫ్రికాలోని కామెరూన్ దేశంలో న్యోస్ సరస్సు అడుగున కరిగియున్న బొగ్గుపులుసు వాయువు ఒక్కుమ్మడిగా పైకి పొంగినది. గాలికన్న బరువైనది గనుక అది లోయల వెంట పారి, సుమారు 1,700 మందిని బలిగొన్నది. ట్యాంకులోనికి దిగే ముందు గ్యాస్ టెస్ట్ జరిగినదా అని అడిగే మన కార్మిక సోదరులకు ఈ మృత్యువు స్వరూపం వేరే చెప్పనక్కరలేదు. ఆ సరస్సు నీటి, వాయువుల రసాయనంపై గిగెన్‌బాక్ 1990లో వ్యాసం ప్రచురించారు. 2001 నుండి అక్కడ గొట్టాల ద్వారా అడుగు నీటిలోని వాయువును కొద్దికొద్దిగా బయటికి వదలే ఏర్పాటు జరిగినది.

వాయువు తగ్గినదని నిశ్చింతగా ఉండుటకూ వీలులేదు. ఫిలిప్పీన్స్‌లోని పినతుబోపై 1991 మే 13న రోజుకు 500 టన్నులున్న సల్ఫర్ డయాక్సైడ్ మే 28 నాటికి 5,000 టన్నులు దాటి, ఆ వెనువెంటనే బాగా పడిపోయినది. దారి మూసుకొనిపోయి లోపల ఒత్తిడి పెరుగుతున్నదేమోనని శాస్త్రజ్ఞులు శంకించారు. జూన్ 15న మహావిస్ఫోటనం జరిగినది. అంతకు ముందే వేలాది ప్రజలను తరలించడం వల్ల ఎందరో బ్రతికిపోయారు. అక్కడ వాడిన కొలత పరికరం మొదట కర్మాగారాల పొగగొట్టాల కాలుష్యాన్ని గమనించుటకు తయారైనదని తెలిసి మాకు ముచ్చట కలిగినది.

గిగెన్‌బాక్ కృషి అగ్నిపర్వతాలతోనే ఆగలేదు. ఉష్ణగుండాల నీటిలోని సోడియం, పొటాషియం, మెగ్నీషియం పాళ్ళను బట్టి భూగర్భ ఉష్ణోగ్రతను అంచనా వేసే త్రికోణ పటాన్ని 1988లో ఆయన వెలువరించారు. లడఖ్‌లోని పూగా వంటి చోట్ల వేడినీటి ఊటలను పరిశీలించే మన శాస్త్రజ్ఞులకు ఆ పటం సుపరిచితమే.

1997లో పాపువా న్యూ గినీలో అగ్నిపర్వత వాయువుల పనిమీద ఉండగానే ఆయన హఠాత్తుగా మరణించారు. నేటికీ ప్రపంచమంతటా ధూమరంధ్రాల చెంతకు నడిచే శాస్త్రజ్ఞుల సంచిలో ఆ సీసా ఉంటుంది. దానిని గిగెన్‌బాక్ సీసా అనియే వ్యవహరిస్తారు.