అబద్ధములు

పోతన భాగవతమున శుక్రాచార్యుడు, పెండ్లిపనులలోను ప్రాణాపాయమునను బొంకినను దోషములేదని బలికి బోధించెను. బలి వినలేదు. మన మాధవరము వైపున నా పట్టిక మిక్కిలి పెరిగినది. సంబంధములు కుదుర్చువారు వరుని పొలమును రెట్టింతురు. ఆదోని సంతకు పోవు ప్రత్తిపై నీళ్లు చల్లువారు నోరు విప్పకయే బొంకుదురు. వీరిని లోకమే నిందించును. మేము వేఱుగ చెప్పనేల?

మాకు మిక్కిలి బరువుగా తోచునది మఱియొకటి. అప్పులవాడు వాకిట నిలిచినపుడు తండ్రి తలుపుచాటుననుండి, “నాయన ఊరికి పోయినాడని చెప్పుపో” యని బిడ్డను పంపును. బిడ్డ చెప్పును. వచ్చినవాడు నమ్మడు, నవ్వి పోవును. అందఱికిని తెలిసిన యబద్ధము తప్పుకాదని బిడ్డ యా నవ్వువలన నేర్చుకొనును. గడువడుగుట సిగ్గైనచో నా సిగ్గు తండ్రియే మోయవలదా? మఱునాడు ఆ బిడ్డయే కడుపునొప్పి యని బడి మానినచో, ఆ తండ్రియే బెత్తము వెదకును.