పెట్టెలో లేని డబ్బు

ఈ వారం వంటల సంగతి పక్కన పెడుతున్నాను. ఏమనుకోకండి. ఊరగాయల కొలతలు, పొడుల పాళ్లు ఎప్పుడైనా చెప్పుకోవచ్చు. మొన్న అటక మీది సామాన్లు దించుతుంటే మా పొదుపు సంఘం పాత లెక్కల పుస్తకం చేతికి తగిలింది. అందులో ఒక పేజీ చూసి అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఆ పేజీ సంగతి ఇన్నేళ్లూ మీకు చెప్పలేదు. ఈ రోజు చెప్పాలి. అయితే దానికి ముందు మీ అందరికీ తెలిసిన ఒక పెద్దమనిషి కథ చెప్పుకోవాలి.

2009 జనవరి 7. సంక్రాంతికి ఇంకా వారం రోజులుంది. నేనూ మా అత్తా నట్టింట్లో కూర్చుని నిప్పట్లకు బెల్లం దంచుకుంటూ టీవీ పెట్టుకున్నాం. ఏ చానెల్ తిప్పినా ఒకటే వార్త. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు గారు రాజీనామా చేశారట. కంపెనీ పెద్దలకు ఉత్తరం రాస్తూ, లెక్కల్లో చూపించిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవని తానే ఒప్పుకున్నారట.

మా అత్త రోకలి ఆపి, "లేని డబ్బు పుస్తకంలో ఎట్లుంటుంది మే?" అని అడిగింది.

"దొంగబుద్ధి ఉంటే ఉంటుంది అత్తా" అన్నాను నేను, పెద్ద తెలిసినదానిలా. ఇంటర్మీడియట్ చదివాను కదా!

ఆ జవాబు ఎంత తప్పో తెలుసుకోవడానికి నాకు తొమ్మిదేళ్లు పట్టింది.

దొంగబుద్ధితో పుట్టిన మనిషి కాదండీ ఆయన. భీమవరం వైపు వ్యవసాయ కుటుంబం. విజయవాడలో డిగ్రీ, అమెరికాలో పై చదువు. తిరిగొచ్చి బట్టల మిల్లు, ఇళ్ల నిర్మాణం లాంటి వ్యాపారాలు చేసి, 1987లో సత్యం కంప్యూటర్స్ మొదలుపెట్టారు. 2001 నాటికి ఆ కంపెనీ షేర్లు అమెరికాలోని న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో కూడా అమ్ముడయ్యాయి. చివరికి వచ్చేసరికి యాభై వేలమందికి పైగా ఉద్యోగాలు చేస్తున్నారు. మన ఊళ్లలో పిల్ల పెళ్లి సంబంధానికి "అబ్బాయి సత్యంలో" అంటే ఇంక వేరే మాట అడగని రోజులవి.

అంతెందుకు, 108 అంబులెన్సు ఉంది కదా! 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ఆ సేవ మొదలుపెట్టించింది ఆయనే. తర్వాత నిర్వహణ వేరేవాళ్ల చేతికి మారింది గానీ, విత్తనం వేసింది ఆయన. మా అనంతపురం పల్లెల సంగతి మీకు చెప్పాలా? రోడ్డు ఒక చోట, ఊరు ఒక చోట. అర్ధరాత్రి నొప్పులొస్తే ఒకప్పుడు ఎడ్లబండే గతి. ఆ బండి వచ్చాక ఎంతమంది తల్లీబిడ్డలు గట్టెక్కారో! ఆ బండి పంపిన చెయ్యీ, లేని డబ్బు రాసిన చెయ్యీ ఒకటే. ఇది జీర్ణించుకోవడమే నాకు కష్టమైంది.

మరి ఎక్కడ పెడదారి పట్టింది? షేర్లు అమ్మిన కంపెనీలు మూడు నెలలకొకసారి లాభనష్టాలు లోకానికి చెప్పాలి. చెప్పిన లాభం తగ్గితే షేరు ధర పడుతుంది, పేరు పడుతుంది, పోటీ కంపెనీ ముందుకు పోతుంది. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలల సంగతి ఆయన ఉత్తరంలోనే ఉంది. చూపించిన లాభం 649 కోట్లు, నిజంగా వచ్చింది 61 కోట్లు. అంటే మనింట్లో రూపాయి మిగిలితే పది రూపాయలు మిగిలాయని రాసుకున్నట్టు!

మొదట్లో ఆ తేడా చాలా చిన్నదేనట. ఈసారికి కాస్త ఎక్కువ రాస్తే, వచ్చేసారి నిజంగా సంపాదించి పూడ్చేయవచ్చుననుకున్నారు కాబోలు. కానీ వచ్చేసారి ఆ రాసిన అంకె మీద ఇంకా ఎక్కువ చూపించాలి కదా! ఏళ్లు గడిచేకొద్దీ గుంత పెరిగింది. లేని అమ్మకాలకు ఏడు వేలకు పైగా దొంగ బిల్లులు పుట్టాయని తర్వాత సీబీఐ లెక్క తేల్చింది. తన పరిస్థితి పులి మీద సవారీలా అయిందనీ, దిగితే అది తినేస్తుందనీ, దిగే దారి తెలియలేదనీ ఆయన ఆ ఉత్తరంలో రాసుకున్నారు.

విచిత్రం చూడండి, 2008 సెప్టెంబరులోనే ఆ కంపెనీకి పద్ధతిగా నడుస్తోందని ఒక పెద్ద అవార్డు కూడా వచ్చింది. తర్వాత వెనక్కి తీసుకున్నారనుకోండి. డిసెంబరు 16న, తన కుటుంబానికే చెందిన మేటాస్ అనే రెండు కంపెనీలను సత్యం డబ్బుతో కొంటామని ప్రకటించారు. సత్యం అన్న పేరును ఇంగ్లీషు అక్షరాల్లో వెనకనుంచి చదివితే వచ్చేదే మేటాస్. లేని డబ్బు ఇచ్చినట్టు రాసి, దాని చోట ఉన్న ఆస్తి పెట్టుకుంటే గుంత పూడుతుందని ఆలోచన. షేర్లు కొన్నవాళ్లు ఒప్పుకోలేదు. గంటల్లోనే వెనక్కి తగ్గాల్సి వచ్చింది. మూడు వారాలకు ఉత్తరం బయటికొచ్చింది. ఆ ఒక్కరోజే షేరు విలువలో ముప్పాతిక వంతు ఎగిరిపోయింది.

ప్రభుత్వం కలగజేసుకుని కొత్త డైరెక్టర్లను వేసింది. ఆ ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా కొనుక్కోబట్టి చాలా ఉద్యోగాలు నిలబడ్డాయి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక కోర్టు ఆయననూ, మరో తొమ్మిదిమందినీ దోషులని తేల్చి ఏడేళ్ల శిక్ష వేసింది. మరుసటి నెలలో పై కోర్టు ఆ శిక్షను నిలిపి బెయిలిచ్చింది.

ఇప్పుడు నా పేజీకి వస్తాను.

2018లో మా దగ్గర వానలు మొహం చాటేశాయి. శెనక్కాయ చెట్టు ఊడ దిగే వేళకు చుక్క పడలేదు. మా సంఘంలో పన్నెండుమందిమి. నెలకు తలా వంద రూపాయల పొదుపు, పెట్టెలోంచి తీసుకున్న అప్పుకు రెండు వందల కంతు. చదువుకున్నదాన్నని పుస్తకం రాయడం నా పని. పెట్టె మా ఇంట్లో, తాళంచెవి నా కొంగున. ఒక్క నెల కూడా తప్పని సంఘమని మండలంలో మాకు పేరు. మీటింగులో నన్ను వేదిక మీదికి పిలిచి చప్పట్లు కొట్టించారు. నిజం చెప్పొద్దూ, ఆ చప్పట్లు చాలాకాలం చెవుల్లో మోగాయి. ఇంకో మెట్టు ఎక్కితే మండలం మొత్తానికి నేనే లీడరు. పక్క జిల్లా ఆడవాళ్లు మా పుస్తకం చూసి నేర్చుకోవడానికి వస్తున్నారని కబురొచ్చింది.

సరిగ్గా ఆ నెలే ఇద్దరు కట్టలేదు. ఆరు వందలు తక్కువ. "వచ్చే నెల కట్టేస్తారు కదా" అనుకుని సంఘం పుస్తకంలో కట్టినట్టు రాసేశాను. వచ్చినవాళ్లు చూసి ఎంత మెచ్చుకున్నారో! మరుసటి నెల నలుగురు కట్టలేదు. ఇప్పుడు నలుగురు ఆగిపోయారని రాస్తే, పోయిన నెల సంగతి కూడా బయటపడుతుంది. మళ్లీ రాశాను. పద్దెనిమిది వందలు. మూడో నెల ఆరుగురు. పుస్తకానికీ పెట్టెకూ తేడా మూడు వేల ఆరు వందలు.

ఆ వారంలోనే ఆఫీసువాళ్లు వచ్చి, పెట్టెలో ఉన్నదంతా శనివారంలోగా బ్యాంకులో వేయమన్నారు.

ఆ రాత్రి నాకు తట్టిన ఉపాయం చెప్పడానికి ఇప్పుడు కూడా సిగ్గేస్తుంది. మా సంఘంలో ఒక అవ్వ ఉంది. చదువు రాదు, ఎప్పుడూ అప్పు తీసుకోదు. ఆమెకు మూడు వేల ఆరు వందలు అప్పిచ్చినట్టు రాస్తే లెక్క సరిపోతుంది. తర్వాత మెల్లగా సర్దవచ్చు. పొద్దున్నే పుస్తకం, సిరా పెట్టె తీసుకుని పోయాను. అవ్వ ఏమీ అడగలేదు. "నువ్వు సదువుకున్నదానివి గదమ్మా, యాడ ఎయ్యమంటే ఆడ ఏస్తా" అని వేలు చాపింది. నేనే పట్టుకుని వేయించాను. తిరిగి వస్తుంటే పిలిచి, విత్తనానికి దాచుకున్న శెనక్కాయల్లోంచి ఒక దోసెడు నా కొంగులో పోసింది.

ఇంటికొచ్చి ఆ కాయలు తినలేకపోయాను. నేనేం తీసుకున్నాను? ఒక్క రూపాయి తినలేదే! ఇలా నన్ను నేను సమాధానపరుచుకుంటుంటే, చప్పున గుర్తొచ్చింది. తాను రూపాయి కూడా తీసుకోలేదనే రామలింగరాజు గారు కూడా ఆ ఉత్తరంలో రాశారు. కోర్టు మాత్రం దోషి అంది. తినకపోయినా, మన పేరు నిలబెట్టుకోవడానికి ఇంకొకరి వేలు వాడుకుంటే అది మేలవుతుందా? అక్కడ లెక్కలు నమ్మి షేర్లు కొన్నవాళ్ల డబ్బు, జీతం వస్తుందో రాదోనని బెంగపడ్డ ఉద్యోగుల నిద్ర. ఇక్కడ ఒక ముసలామె వేలు. కొలత వేరు గానీ సరుకు ఒకటే.

శుక్రవారం అందరినీ పిలిచి చెప్పేశాను. తిట్టారు. తిట్టాల్సిందే. పుస్తకం ఇంకొకరికి అప్పజెప్పాను. అవ్వ పేరు మీది అప్పు అందరి ఎదుటా కొట్టేసి, కట్టనివాళ్ల పేర్లు ఉన్నదున్నట్టు రాసుకున్నాం. చిత్రమేమిటంటే అసలు ఏ డబ్బూ పోలేదు! కరువుకు కట్టలేకపోయిన బాకీ, అంతే. మొదటి నెల "ఇద్దరు కట్టలేదు" అని రాసుంటే నాకు పోయేది నాలుగు చప్పట్లు.

అవ్వ మాత్రం అరవలేదు. "కరువని నన్నడిగింటే నేనే సెప్పేదాన్ని గదమ్మా. నేను సచ్చిపోయింటే ఆ అప్పు నా మనవడు కట్టల్ల గదా" అంది. ఇప్పుడు ఎవరు వేలిముద్ర అడిగినా, ముందు చదివి వినిపించమంటుంది. మంచి అలవాటే. కానీ ఆ జాగ్రత్త ఆమెకు నేర్పింది నేనని తలుచుకుంటే గొంతులో ముద్ద దిగదు.

భారతంలో ధర్మరాజు రథం నేలకు నాలుగు అంగుళాలు పైన నడిచేదంటారు. గెలుపు కోసం ద్రోణుడికి సగం అబద్ధం చెప్పగానే అది దిగి నేలను తాకిందట. అంతటివాడికే తప్పలేదు. ఎదగాలనుకోవడం తప్పు కాదు చెల్లెమ్మలూ. ఎదుగుదల లేకపోతే సత్యం లేదు, 108 లేదు, మా సంఘమూ లేదు. "ఈసారి తగ్గింది" అనే మాట నోటికి రానప్పుడే చెడు మొదలవుతుంది. మంచివాళ్లకు ఆ మాట ఇంకా కష్టం, వాళ్లకు పోగొట్టుకోవడానికి మంచిపేరు ఉంటుంది గనక.

అందుకే నాకు తెలిసిన జాగ్రత్తలు మూడు. సంఘం పెట్టె ఒకరింట్లో ఉంటే తాళంచెవి ఇంకొకరి దగ్గర ఉండాలి. డబ్బు అందరి ముందూ లెక్కపెట్టాకే పుస్తకంలో అంకె వేయాలి. మూడోది మనింటి సంగతి. పిల్లాడు మార్కులు తగ్గాయన్నా, ఆయన ఈ నెల వ్యాపారం దెబ్బతిందన్నా, ముందు కంచంలో అన్నం పెట్టి తర్వాత మాట్లాడదాం. ఇంట్లో తగ్గిందని చెప్పుకోగలిగినవాళ్లకు బయట పెంచి రాయాల్సిన అవసరం అంతగా రాదు.

2009లో మా అత్త అడిగిన ప్రశ్నకు ఇప్పుడైతే సరైన జవాబు చెప్పగలను. లేని డబ్బు పుస్తకంలో ఎట్లుంటుందంటే, "వచ్చే నెల పూడుస్తాలే" అన్న మాట కింద ఉంటుంది అత్తా.

అన్నట్టు, నిప్పట్ల కొలత అడుగుతూ ఉత్తరాలు రాసినవాళ్లకు వచ్చే వారం తప్పకుండా చెబుతాను. ఈసారి కొలత ఉన్నదున్నట్టే!