సరుకుకు లెక్క ఉంది, నిద్రకు లేదు

లారీ డ్రైవర్ల పని గంటలు పుస్తకంలో రాయాలా, యంత్రంలో నమోదు చేయాలా అన్నది రెండో ప్రశ్న. గేటు ముందు పడిగాపులు ఎవరి ఖాతాలో వేయాలన్నదే మొదటిది

జంషెడ్‌పూర్‌లో బర్మామైన్స్‌కు ఒక పక్క ఉక్కు కర్మాగారం, మరో పక్క టాటానగర్ రైల్వే స్టేషన్. ఉదయం ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. కర్మాగారంలో షిఫ్టులు మారే ఈ మూడు వేళలే ఊరికి గడియారం. పొట్ట చేతబట్టుకుని ఉత్తరాంధ్ర నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో వంటలు, నిద్రలు, పెళ్లిచూపులు కూడా ఈ వేళల ప్రకారమే సాగుతాయి. ఎనిమిది గంటల పనిదినం ఇక్కడ 1912లోనే అమల్లోకి వచ్చింది. స్వతంత్ర భారతం ఫ్యాక్టరీల చట్టం చేసుకోవడానికి 36 ఏళ్ల ముందే అన్నమాట.

ఆ గోడ బయట ఉక్కు మోసే లారీ డ్రైవరుకు మాత్రం షిఫ్టు లేదు. స్టీరింగ్ పట్టుకున్నప్పుడు పని మొదలవుతుంది. ఎప్పుడు ముగుస్తుందో యజమాని ఫోను, సరుకు దించుకునేవాడి తీరిక నిర్ణయిస్తాయి.

చట్టం లేదా అంటే, ఉంది. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి 48 గంటలని గీత గీసింది. దూర ప్రయాణాలకు అనుమతితో పది గంటల వరకు సడలింపు ఇచ్చింది. ఐదు గంటల పని తర్వాత అరగంట విరామం, రెండు పనిదినాల మధ్య వరసగా తొమ్మిది గంటల విశ్రాంతి ఉండాలంది. అయితే ఐదుగురు, అంతకు మించి కార్మికులున్న సంస్థలకే అది వర్తించేది. ఒకటి రెండు లారీల యజమానులే ఎక్కువగా ఉన్న రంగమిది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 91వ సెక్షన్ ఆ గంటలనే రవాణా వాహనాలు నడిపేవారికి వర్తింపజేసింది. ముందే గంటలు నిర్ణయించి రికార్డు చేయాలని యజమానులను ఆదేశించే అధికారం రాష్ట్రాలకు ఇచ్చింది. 2025 నవంబరు 21న 1961 చట్టం కొత్త లేబర్ కోడ్‌లో కలిసిపోయింది. ఎనిమిది గంటల సూత్రం మాత్రం నిలిచింది, కాగితం మీద.

విచిత్రమేమిటంటే, లారీలో డ్రైవరు తప్ప మిగతా అన్నింటికీ పక్కా లెక్క ఉంది. సరుకుకు 2018 నుంచి ఈ-వే బిల్లు ఉంది. ఏ టోల్‌గేటు ఎన్నింటికి దాటిందో ఫాస్టాగ్ చెబుతుంది. జీపీఎస్ ఉంటే బండి ఎక్కడ ఆగిందో యజమాని ఇంట్లో కూర్చుని చూస్తాడు. ఆగిన ఆ కాసేపు డ్రైవరు నిద్రపోయాడా, టైరు మార్చాడా, లైన్లో నిలబడ్డాడా? అది ఎవరికీ పట్టదు.

అమెరికా ఈ దశ దాటి చాలాకాలమైంది. అక్కడి డ్రైవర్లు 1930ల చివరి నుంచి కాగితపు లాగ్‌బుక్ రాశారు. రాసింది ఎంత నిజమో వాళ్లకే తెలుసు. అందుకే దానికి ‘కామిక్ బుక్’ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. 2017 డిసెంబరు నుంచి ఇంజన్‌కు అనుసంధానించిన ఎలక్ట్రానిక్ లాగ్ తప్పనిసరైంది. యూరప్ అంతకు ముందే, 2006లో, కొత్త లారీల్లో కాగితపు చక్రాల స్థానంలో డిజిటల్ టాకోగ్రాఫ్ పెట్టింది.

యంత్రం వచ్చాక అమెరికాలో దొంగలెక్కలు తగ్గాయి. ప్రమాదాలు మాత్రం తగ్గలేదని అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో తేల్చారు. పైగా చిన్న సంస్థల లారీలు మరింత వేగంగా పరుగులు తీశాయి. కారణం ఊహించడం కష్టం కాదు. డ్యూటీ ఎక్కాక 14 గంటల గడువులో 11 గంటలకు మించి నడపరాదన్నది అక్కడి నిబంధన. సరుకు ఎక్కించే చోట నాలుగు గంటలు నిలబెట్టినా ఆ గడువు కరిగిపోతూనే ఉంటుంది. చాలామందికి కూలి మైళ్ల లెక్కన. పోగొట్టుకున్న కాలాన్ని రోడ్డు మీదే రాబట్టుకోవాలి.

ఈ పాఠం మనకు ఇంకా ఎక్కువగా వర్తిస్తుంది. జంషెడ్‌పూర్ నుంచి బాలాసోర్, భువనేశ్వర్, విశాఖ మీదుగా విజయవాడకు సుమారు 1,200 కిలోమీటర్లు. సగటున గంటకు 40 కిలోమీటర్లు వేసుకున్నా 30 గంటల డ్రైవింగ్. రోజుకు ఎనిమిది గంటలు నడిపితే నాలుగో రోజుకు చేరవచ్చు. రోజుకు 200 కిలోమీటర్ల లెక్కన ఈ-వే బిల్లు ఇచ్చే గడువు ఆరు రోజులు. అంటే చట్టం తొందరపెట్టడం లేదు. లోడింగ్ కోసం ఒక రోజు, అన్‌లోడింగ్ కోసం మరో రోజు పోగొట్టుకున్నవాడు కిరాయి గిట్టుబాటు కోసం రాత్రింబవళ్లు నడుపుతున్నాడు. 1961 చట్టం ఈ నిరీక్షణను ఎలా చూసిందో గమనించండి. టెర్మినల్ దగ్గర ఊరికే హాజరై ఉన్న కాలం 15 నిమిషాల లోపైతే పనిగంటల్లో చేర్చింది. అంతకు మించితే ఆ ప్రస్తావనే లేదు. లైన్లో బండిని అడుగడుగునా ముందుకు జరుపుకుంటూ, పిలుపు కోసం చెవులు రిక్కించి కూర్చోవడాన్ని విశ్రాంతి అనగలమా?

పైలట్ల మాదిరిగా లారీ డ్రైవర్లకూ గంటలు నిర్ణయించాలని, నిద్రమత్తును పసిగట్టే సెన్సర్లు పెట్టాలని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ 2021లో అన్నారు. మంచి మాటే. కానీ సెన్సర్ కునుకును పట్టుకుంటుంది. కునుకుకు కారణమైన గేటును పట్టుకోదు.

అందుకే మనకు లాగ్‌బుక్ అంటూ వస్తే అందులో మూడు గడులు ముందు ఉండాలి: గేటుకు చేరిన సమయం, సరుకు ఎక్కించడం మొదలైన సమయం, గేటు దాటిన సమయం. వీటిని నమోదు చేయాల్సింది డ్రైవరు కాదు, సరుకు యజమాని. గడువు దాటిన ప్రతి గంటకు పరిహారం చెల్లించాల్సిందీ అతనే. లెక్క ప్రతి ఒకటి డ్రైవరు చేతిలో ఉండాలి. ఎందుకంటే ప్రమాదం జరిగాక పోలీసుల ముందు నిలబడేది అతనొక్కడే. ముందు రోజు అతన్ని ఎక్కడ, ఎంతసేపు నిలబెట్టారో చెప్పే సాక్షి ఇవాళ లేదు.

అది కాగితమైనా, యంత్రమైనా సరే. డ్రైవరును మాత్రమే కొలిచే పుస్తకం చలానాలు రాయడానికి పనికొస్తుంది. గేటును కూడా కొలిస్తేనే అతనికి నిద్ర దక్కుతుంది. ఎనిమిది గంటల పనిదినం 1912లో బర్మామైన్స్ గోడ లోపలికి వచ్చింది. ఆ గోడ దాటి రోడ్డు మీదికి రావడానికి వందేళ్లకు పైగా సమయం చాల్లేదా?