ఆ ఎరుపు రంగు ఎవరు వేశారు?

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న వార్త వచ్చిన గంటలోపే నా ఫోన్లో ఆరు గ్రూపుల్లో ఒకటే బొమ్మ తిరగడం మొదలవుతుంది. నల్లటి సముద్రం మీద తెల్లటి సుడి, మధ్యలో ఎర్రటి ముద్ద, చుట్టూ పసుపు, ఆకుపచ్చ అంచులు. టీవీ యాంకర్ దాని ముందు నిలబడి ఎర్రటి ముద్ద మీద వేలు పెట్టి "తుపాను ఇదిగో ఇక్కడుంది" అంటాడు. కవిత్వం రాసే మిత్రులు అదే బొమ్మకి ఒక వాక్యం తగిలించి పోస్టు చేస్తారు. అందరూ చూస్తారు గానీ చదివేవాళ్ళు కనపడరు. అనువాదంలో ఒక మాట తప్పుపడిందని వారం రోజులు తగువులాడుకునే వాళ్ళం మనం. మన తీరంలో మనుషుల ప్రాణాలు ఆధారపడిన ఈ బొమ్మని మాత్రం పెళ్ళి ఆల్బంలా తిప్పేస్తాం. నా తగువు ఈ అలవాటుతోనే.

ముందు ఆ ఎరుపు సంగతి చూద్దాం. ఉపగ్రహం ఎరుపుని చూడలేదు. భూమికి 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఇన్సాట్-3డీఆర్, ఇన్సాట్-3డీఎస్ రాత్రీ పగలూ పంపే ఇన్‌ఫ్రారెడ్ చిత్రంలో ఉండేది ఉష్ణోగ్రత. మేఘం ఎంత పైకి పెరిగితే దాని నెత్తి అంత చల్లబడుతుంది, మైనస్ 70, మైనస్ 80 డిగ్రీల దాకా పోతుంది. ఆ అంకెలకి ఎవరో ఒకరు కూర్చుని రంగుల పట్టీ తగిలిస్తారు. ఒక సంస్థ ఎరుపు వేసిన చోట ఇంకో సంస్థ నలుపు వేస్తుంది, మరొకటి ఊదా వేస్తుంది. నా ఉద్యోగంలో నేను చేసే పనుల్లో ఇదీ ఒకటి. డ్యాష్‌బోర్డులో ఏ అంకె దాటితే ఎరుపు చూపించాలి అన్నదాని మీద గంటల తరబడి మీటింగులు జరుగుతాయి, ఆ ఎరుపు వెనక ఎవరి భయం ఉందో, ఎవరి ప్రమోషన్ ఉందో అక్కడ కూర్చున్న అందరికీ తెలుసు. కాబట్టి బొమ్మలో ఎరుపు కనిపిస్తే ఎవరు వేశారు, దేనికి వేశారు అని అడగడం నాకు అలవాటైపోయింది.

ఇక్కడ ఎరుపంటే అతి చల్లటి మేఘం, అంతే. గాలి ఎక్కువున్న చోటు అని కాదు. ఇంకా పూర్తిగా రూపు కట్టని తుపాన్లలో అయితే మరీను. పై ఎత్తుల్లో వీచే గాలి ఆ మేఘాల కుప్పనంతా ఒక పక్కకి తోసేస్తుంది. కింద నీళ్ళ మీద తిరిగే అసలు సుడి దాని నీడలోంచి బయటపడి, పల్చటి బూడిదరంగు మేఘాల గీతల మధ్య ఎవరికీ పట్టకుండా ఉండిపోతుంది. యాంకర్ వేలు పెట్టిన చోటికి అది వంద కిలోమీటర్లు అవతల కూడా ఉండొచ్చు. ఇక గాలి గీతలు నదుల్లా పారే రంగుల మ్యాపులు మనం షేర్ చేస్తుంటాం కదా, వాటిలో చాలావరకు ఉపగ్రహ చిత్రాలే కావు. కంప్యూటర్ మోడల్ వేసిన లెక్కలు అవి. జరిగినదాన్నీ జరగబోతుందనుకున్నదాన్నీ ఒకే శీర్షిక కింద పెట్టడం ఏ పుస్తక సమీక్షలోనైనా మనం ఒప్పుకుంటామా?

సరే, మేఘం నెత్తి ఉష్ణోగ్రత నుంచి గాలి వేగం ఎలా వస్తుంది? నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే. 1970ల మొదట్లో వెర్నన్ డ్వొరాక్ అనే అమెరికన్ వాతావరణ శాస్త్రవేత్త మేఘాల ఆకారాల్ని చూసి తుపాను బలాన్ని అంచనా వేసే పద్ధతి ఒకటి తయారుచేశాడు. మేఘాల పట్టీ సుడి చుట్టూ ఎంత మేర చుట్టుకుంది? కన్ను తెరుచుకుందా? తెరుచుకుంటే కన్ను లోపలి వెచ్చదనానికీ చుట్టూ ఉన్న చల్లటి గోడకీ తేడా ఎంత? వీటిని బట్టి టీ-నంబరు అని ఒక అంకె ఇస్తారు, 1 నుంచి 8 దాకా, అర చొప్పున. పట్టీ సుమారు సగం చుట్టు తిరిగిందంటే 2.5, అంటే 35 నాట్లు, మన లెక్కలో గంటకి 65 కిలోమీటర్లు. వాయుగుండం తుపానుగా మారేది అక్కడే. 4 అంటే గంటకి 120. యాభై ఏళ్ళు గడిచినా, కంప్యూటర్లు వచ్చి దాన్ని ఆటోమేట్ చేసినా, ప్రపంచంలో చాలా సముద్రాల మీద తుపాను బలం చెప్పేది ఇప్పటికీ ఈ చదువే. దాన్ని చదువు అనే అంటాను. ఒకే బొమ్మకి ఇద్దరు అనుభవజ్ఞులు అర నంబరు తేడాతో అంకెలివ్వడం మామూలు. ఒక కథకి ఇద్దరు విమర్శకుల్లాగే.

అట్లాంటిక్‌లో ఈ చదువుని సరిచూసుకోడానికి విమానాలున్నాయి, తుపాను లోపలికి దూరి పరికరాలు జారవిడుస్తాయి. బంగాళాఖాతంలో అలాంటి విమానాలు మామూలుగా తిరగవు. తుపాను తీరం దగ్గరికొచ్చి రాడార్ చూపులో పడేదాకా మనకున్నది ఉపగ్రహం, కొన్ని బోయాలు, ఎప్పుడైనా అటువైపు వెళ్ళిన ఓడ. విమానం లేకపోతే ఏమవుతుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. 2023 అక్టోబరులో మెక్సికోలోని అకాపుల్కో మీద పడిన ఓటిస్ ఒక్క రోజులో మామూలు తుపాను నుంచి ఐదో కేటగిరీకి ఎగబాకింది. మోడళ్ళు దాన్ని పట్టుకోలేకపోయాయి, ఉపగ్రహ అంచనాలు వెనకబడ్డాయి, మధ్యాహ్నం విమానం వెళ్ళి చూశాకే దాని అసలు బలం తెలిసింది. ఆ అర్ధరాత్రికే అది తీరం దాటింది. మన దగ్గర అలాంటిది వస్తే ఆ మధ్యాహ్నం విమానం ఉండదు. అందుకే "గంటకి 110 కిలోమీటర్ల వేగంతో" అని స్క్రోలింగ్ చూసినప్పుడల్లా ఆ అంకె వెనక ఒక అంచనా ఉంది, దానికి అటూ ఇటూ కొంత ఖాళీ ఉంది అని గుర్తుంచుకోవాలి. ఆ ఖాళీని వాతావరణ శాఖ దాచదు. వాళ్ళ బులెటిన్‌లో టీ-నంబరు ఉంటుంది, మేఘాలు ఏ అక్షాంశం నుంచి ఏ అక్షాంశం దాకా పరుచుకున్నాయో, వాటి నెత్తి ఎంత చల్లగా ఉందో ఒక పేరా ఉంటుంది. పొడిపొడిగా, ఒక్క విశేషణం వృథా కాకుండా. ఈ మధ్య నేను చదివిన మంచి వచనాల్లో అదొకటి. తెలుగులోకి వచ్చేసరికి అదంతా ఎగిరిపోయి "దూసుకొస్తున్న పెను ముప్పు" మిగులుతుంది.

మనవాళ్ళ సాహిత్యం సంగతీ ఇంతే. తుపాను అనగానే ప్రకృతి కోపం, సముద్రుడి కన్నెర్ర. ఆ "కన్ను" అన్న మాట దొరికిందంటే చాలు, మూడు పేజీలు. దివిసీమ ఉప్పెన మీద కన్నీళ్ళు పెట్టుకోవద్దని ఎవరంటారు? కానీ 1977 నవంబరు 19 నాటికి కూడా ఉపగ్రహ చిత్రాలు అసలు లేకపోలేదు, ధ్రువాల మీదుగా తిరిగే అమెరికా ఉపగ్రహాల నుంచి రోజుకి కొన్నిసార్లు వచ్చేవి. దాదాపు పదివేలమంది పోయారు. 1990 మేలో దాదాపు అదే తీరానికి మళ్ళీ భీకరమైన తుపాను వస్తే పోయినవాళ్ళు వెయ్యికి లోపు. అప్పటికి మనకి సొంత ఇన్సాట్ ఉంది, దాని ద్వారానే ఊళ్ళకి హెచ్చరిక పంపే ఏర్పాటూ ఉంది. మరి 1999లో ఒడిశాలో? అంతకన్నా మంచి బొమ్మలున్నాయి, మళ్ళీ పదివేలమంది పోయారు. 2013లో అదే ఒడిశాలో ఫైలిన్ వస్తే సుమారు పది లక్షలమందిని ముందే తరలించారు, మృతులు పదుల్లో ఆగారు. ఈ నాలుగు అంకెల మధ్య ప్రకృతి కోపం ఎక్కడ మారింది? పైగా ఎక్కువమందిని చంపిన ఉప్పెన ఆ మేఘాల బొమ్మలో కనపడనే కనపడదు. గాలి, పీడనం, సముద్రం అడుగు వాలు కలిపి దాన్ని లెక్కకట్టాల్సిందే.

నాకు ఒళ్ళు మండేది ఇంకో చోట. అందమైన బొమ్మ ఇవ్వని పరికరం పాడైతే మనకి పట్టదు. స్కాటరోమీటర్ అని ఒకటుంటుంది. సముద్రం మీదికి మైక్రోవేవ్‌లు పంపి, అలల గరుకుతనం వల్ల తిరిగొచ్చినదాన్ని కొలిచి, నీటి మీద గాలి ఎటు, ఎంత వేగంతో వీస్తోందో చెప్తుంది. అది ఇచ్చేది చిన్న చిన్న బాణం గుర్తులు. దాన్ని వాల్‌పేపర్‌గా ఎవరూ పెట్టుకోరు. భారీ వానలో అది తడబడుతుంది, మహా బలమైన తుపాను పీక్‌ని కొలవలేదు, నిజమే. కానీ పుట్టుకొస్తున్న దశలో, మేఘాల కింద గాలి నిజంగా సుడి తిరుగుతోందా లేదా తేల్చడానికి దానికి సాటి వచ్చేది దాదాపు లేదు. 2009లో ఎగిరిన మన ఓషన్‌శాట్-2 మీద అది ఉండేది. 2014 ఫిబ్రవరిలో ఆగిపోయింది. హుద్‌హుద్ విశాఖ మీద పడింది అదే ఏడు అక్టోబరు 12న. దాని బదులుగా స్కాట్‌శాట్-1 ఎగిరింది 2016 సెప్టెంబరులో. మధ్యలో రెండున్నరేళ్ళు యూరప్ వాళ్ళ ఉపగ్రహాల డేటా మీద నెట్టుకొచ్చాం. ఇందులో ఎవరి నేరమూ ఉందనను, అంతరిక్షంలో యంత్రాలు పాడవుతాయి. కానీ రాకెట్ ఎగిరిన రోజు చప్పట్లు కొట్టిన మనలో ఆ ఫిబ్రవరి సంగతి ఎంతమందికి తెలుసు? 2025 జూన్‌లో అమెరికా రక్షణ శాఖ తన ఉపగ్రహాల మైక్రోవేవ్ డేటాని కొద్దిరోజుల్లో ఆపేస్తానంది. పై మేఘాన్ని దాటి లోపలి వాన పట్టీల్ని చూపించే డేటా అది. గోల జరిగాక గడువు ఒక నెల పెంచి, తర్వాత కొనసాగిస్తానంది. ఆ గోలలో తెలుగు గొంతు నాకైతే వినపడలేదు.

"మామూలు జనానికి ఇంత వివరం ఎందుకు, ఎక్కడ తీరం దాటుతుందో చెప్తే చాలదా?" అని ఒక మిత్రుడు అడిగాడు. చాలదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తీరం దాటింది బాపట్ల దగ్గర, అంతకు ముందు రోజే చెన్నై మునిగింది, అప్పటికి దాని కేంద్రం సముద్రంలోనే ఉంది. 2025 అక్టోబరులో మోంథా నర్సాపురం వైపు దాటితే నీళ్ళు వరంగల్‌ని ముంచాయి. హుద్‌హుద్ శేషం నేపాల్లో మంచుతుపానై ట్రెక్కింగుకి వెళ్ళినవాళ్ళని చంపింది. తీరం దాటే చుక్క మీదే కళ్ళు పెట్టుకోవడం నవల ఆఖరి పేజీ చదివి మూసెయ్యడం లాంటిదని వాడికి చెప్పాను. వాడు నవలలు చదవడు, అది వేరే సంగతి.

అసలు ఈ బొమ్మ అత్యవసరమైనవాడి దగ్గర ఫోన్ సిగ్నలే ఉండదు. 2017 నవంబరులో ఓఖీ వాయుగుండంగా ఏర్పడిన మర్నాడే కన్యాకుమారి దగ్గర తుపానైంది. అప్పటికే రోజుల తరబడి లోతు సముద్రంలో వేటలో ఉన్న కేరళ, తమిళనాడు బోట్లకి ఆ కబురు చేరలేదు. వందలమంది తిరిగి రాలేదు. బొమ్మ ఉంది, చదివినవాళ్ళూ ఉన్నారు, చివరి యాభై మైళ్ళు లేవు. ఆ తర్వాతే బోట్ల మీద ఉపగ్రహ సందేశాలు అందుకునే పరికరాల పని ఊపందుకుంది. మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ వాళ్ళకి అందులో పెద్ద పాత్ర ఉంది. 2024లో లక్ష బోట్లకి ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు పెట్టే పథకం కేంద్రం మొదలుపెట్టింది, ఇటు నుంచి హెచ్చరిక పోతుంది, అటు నుంచి ఆపదలో ఉన్నామన్న కబురూ వస్తుంది. శ్రీకాకుళం నుంచి గుజరాత్ బోట్లలో కూలికి వెళ్ళే మత్స్యకారుల గురించి "తండేల్" సినిమా పుణ్యమా అని మనకి ఇప్పుడు తెలుసు. ఆ బోట్లు వాళ్ళవి కావు. పరికరం బిగించాలో వద్దో, బిగించాక ఆన్ చేసి ఉంచాలో వద్దో ఓనరు చేతిలో ఉంటుంది. వచ్చిన సందేశం వాళ్ళకి తెలుగులో కనపడుతుందా? ఈసారి గ్రూపులో ఎర్రటి బొమ్మ పెట్టినవాళ్ళని నేను అడగబోయేది అదే.