తాను పట్టిన డ్రాగన్‌కి మూడే కాళ్ళు

మనవాళ్ళని ఉద్యోగం మారమనండి. ముప్ఫై శాతం హైక్ కనబడితే చాలు, నోటీసు పీరియడ్ వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ మారిపోతారు. ఫోను మారుస్తారు, ఫ్లాటు మారుస్తారు, వీసా వస్తే దేశమే మార్చేస్తారు. జావాస్క్రిప్ట్ ఫ్రేంవర్కు ఏడాదికోటి మార్చమన్నా కిక్కురుమనరు. కానీ శనివారం రాత్రి ఆడుకునే ఆట మారుద్దామని మెల్లిగా అని చూడండి... "ఇప్పుడదంతా ఎందుకు బాసూ, ఇది బానే ఉందిగా!"

ఆటంటే క్రికెట్టు కాదు లెండి. టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటలు. తెలియనివాళ్ళకోసం రెండు ముక్కలు: నలుగురైదుగురు బల్లచుట్టూ కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర అయిపోయి "నేను గోడ దూకుతా", "నేను వాడితో బేరమాడతా" అంటుంటారు. దూకగలిగాడా లేదా అన్నది పాచికలు చెప్తాయి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు అచ్చేసిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' వీటన్నిటికీ ఆదిపురుషుడు. 'స్ట్రేంజర్ థింగ్స్' పుణ్యమా అని మన ఆఫీసుల్లో కూడా ఇరవై ముఖాల పాచిక ఎవడో ఒకడి డెస్కు మీద కనబడుతోంది. సంతోషం. చిక్కల్లా ఏమిటంటే, ఆదిపురుషుడితోనే ఆగిపోతున్నారు. యాభై ఏళ్ళలో వందలాది ఆటలొచ్చాయి బాబూ అంటే తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటారు. ఇక్కడ కుందేలు బదులు డ్రాగన్, అంతే తేడా.

మా బ్యాచ్ సంగతే తీసుకోండి. ఆరుగురం. 2020 లాక్‌డౌన్‌లో వీడియో కాల్స్ మీద మొదలుపెట్టాం. ఇప్పటికీ అదే ఐదో ఎడిషన్, అదే ప్రపంచం, సత్రంలో ముసుగేసుకున్న ముసలాయన వచ్చి పని అప్పగించే అదే కథ. మొదట్లో ఎవడైనా రాలేకపోతే వారమంతా ఏడ్చేవాడు. ఇప్పుడు "ఆన్‌కాల్ ఉంది" అని మెసేజ్ కొట్టి హాయిగా పడుకుంటున్నాడు. (ఆన్‌కాల్ లేదని నాకు తెలుసు, మాదొకటే టీము :)) కథ నడిపే మా డీఎం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆటగాడిగా కూర్చోలేదు. శుక్రవారం రాత్రి రెండింటిదాకా మ్యాపులు గీస్తాడు. మేం శనివారం వచ్చి, ఆ మ్యాపు వంక సరిగ్గా చూడకుండానే తలుపు బద్దలుకొట్టి, లోపలున్నదాన్ని చంపేసి, బిర్యానీ తిని వెళ్ళిపోతాం.

ఇలాంటి గుంపులు పోట్లాడుకుని విడిపోవు. ఒక శనివారం వాయిదా పడుతుంది, తర్వాత వరసగా రెండు. ఆఖరికి వాట్సప్ గ్రూపులో సంక్రాంతి శుభాకాంక్షలు మాత్రం మిగుల్తాయి. ముప్ఫై దగ్గరపడుతున్న మనబోటివాళ్ళకి, వారానికి నాలుగు గంటలు ఫోను పక్కన పడేసి పగలబడి నవ్వుకునే స్నేహితులు మళ్ళీ దొరకడం అంత తేలికేం కాదు. ఈ గోలంతా అందుకే.

సరే, అసలు వాదనకొద్దాం. "ఏ ఆటైతే ఏముంది, కథ మనదే కదా" అంటారు చాలామంది. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. అప్రైజల్ రాసిన అనుభవం ఉన్నవాడెవడూ అనాల్సిన మాట కాదది! మేనేజరు మూసిన టికెట్లు లెక్కపెడితే జనం ఏం చేస్తారు? ఒక పనిని ఏడు టికెట్లుగా చీల్చి మూస్తారు. కోడ్ లైన్లు లెక్కపెడితే చాంతాడంత కోడ్ రాస్తారు. దేన్ని లెక్కపెడితే అదే పండుతుంది. ఆటలోనూ అంతే.

పాత డీ అండ్ డీలో గుహలోంచి బయటికి మోసుకొచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో అనుభవ పాయింటు. దాంతో తెలివైన ఆటగాళ్ళు రాక్షసుల్ని నిద్రలేపకుండా పెట్టె ఎత్తుకొచ్చే ఉపాయాలు ఆలోచించేవాళ్ళు. ఐదో ఎడిషన్‌లో (2014లో వచ్చింది, 2024లో సవరించారు) పాయింట్లు ముఖ్యంగా శత్రువుల్ని ఓడిస్తే వస్తాయి. మైలురాయి పద్ధతి అని ఇంకోటుంది నిజమే, కానీ లెవెల్ పెరిగినప్పుడు చేతికొచ్చే శక్తుల్లో ఎక్కువభాగం కొట్టడానికీ, దెబ్బ కాచుకోవడానికీ పనికొచ్చేవే. చేతిలో అంతా సుత్తులే పెట్టి, "మీరు ఎప్పుడూ మేకులే కొడుతున్నారేంట్రా" అని మా డీఎం వాపోతే ఏం లాభం?

ఇప్పుడు పక్కవాటిని చూడండి. 1978లో వచ్చిన 'రూన్‌క్వెస్ట్'లో లెవెల్సే లేవు. ఏ విద్య వాడి నెగ్గారో దానికి టిక్కు పెట్టుకుంటారు. తీరిక దొరికినప్పుడు నూరు లోపు అంకె వేసి, అది మీకున్న నైపుణ్యం కంటే ఎక్కువ పడితేనే ఆ విద్య పెరుగుతుంది. అంటే బాగా వచ్చినవాడికి ఇంకా నేర్చుకోవడం కష్టం, రానివాడికి సులువు. మన వృత్తిలో మనకి రోజూ అనుభవమే కదా ఇది! 2012 నాటి 'డంజన్ వరల్డ్'లో పాచిక తిరగబడినప్పుడు అనుభవ పాయింటు వస్తుంది. ఓటమికి భయపడనక్కర్లేదు కాబట్టి జనం సాహసాలు చేస్తారు. 1985లో గ్రెగ్ స్టాఫర్డ్ రాసిన 'పెండ్రాగన్' ఇంకా విచిత్రం. ఆర్థర్ రాజు కొలువులో మీరో యోధుడు. ఆటకో సంవత్సరం గడుస్తుంది. పెళ్ళవుతుంది, పిల్లలు పుడతారు, మీ వీరుడు పోతే కొడుకుని పట్టుకుని ఆట సాగిస్తారు. క్షమకీ పగకీ, ఔదార్యానికీ స్వార్థానికీ జతగా అంకెలుంటాయి. జతలో రెండూ కలిపి ఇరవై. ఒకటి పెరిగితే రెండోది తగ్గుతుంది. శత్రువుని వదిలేస్తారా నరికేస్తారా అన్నది ఒక్కోసారి ఆ అంకెలే తేలుస్తాయి.

అదే ఆరుగుర్ని ఈ మూడు ఆటల దగ్గర కూర్చోబెడితే మూడు రకాల కథలొస్తాయి. మనుషులు మారలేదు, లెక్క మారింది.

ఇక మామూలుగా వినబడే అభ్యంతరాలు ఒక్కొక్కటే చూద్దాం.

"డీ అండ్ డీనే కాస్త మారిస్తే అన్నీ చెయ్యొచ్చు." చెయ్యొచ్చు. ఎక్సెల్‌లో కూడా అన్నీ చెయ్యొచ్చు. నాకు తెలిసిన ఒక ఆఫీసులో సిబ్బంది సెలవులన్నీ ఒకే ఎక్సెల్ షీటులో నడుస్తాయి. దాని జోలికెళ్ళే ధైర్యం ఎవడికీ లేదు. మొన్నామధ్య మేం దొంగతనం కథ ఒకటి ఆడబోయాం. మూడు గంటలు ప్లాను వేశాం, మొదటి పాచికకే కాపలావాడికి దొరికిపోయాం, ఎప్పట్లాగే యుద్ధం. 2017లో జాన్ హార్పర్ రాసిన 'బ్లేడ్స్ ఇన్ ది డార్క్' సరిగ్గా దీనికోసమే కట్టిన ఆట. ప్లాను వెయ్యక్కర్లేదు, నేరుగా దొంగతనం మధ్యలోకి దూకుతారు. కాపలావాడు ఎదురొచ్చాడా? "నిన్ననే వీడికి లంచం ఇచ్చా" అని ఫ్లాష్‌బ్యాక్ వెయ్యొచ్చు. దానికి తగ్గ ఒత్తిడి మీ పాత్ర మీద పడుతుంది. మన సినిమాలు చూసి పెరిగినవాడికి ఫ్లాష్‌బ్యాక్ ఎలా వెయ్యాలో ఎవరైనా నేర్పాలా చెప్పండి?

"మళ్ళీ ఇంకో లావుపాటి పుస్తకం ఎవడు చదువుతాడు?" ఈ భయం ఎక్కడిదంటే, మొదట నేర్చుకున్నది మూడొందల పేజీల పైచిలుకు కాబట్టి అన్నీ అంతే అనుకోవడం. మొదటి ఉద్యోగం మెయిన్‌ఫ్రేం మీద చేసినవాడు పైథాన్ నేర్చుకోవడానికి ఆర్నెల్లు సెలవు అడిగినట్టుంది. యోచాయ్ గాల్ రాసిన 'కెయిర్న్' చిన్న పుస్తకం, నెట్‌లో ఉచితం. పాత్ర తయారుచెయ్యడానికి పది నిమిషాలు. కొడితే తగిలిందా లేదా అన్న పాచికే లేదు, తగిలినట్టే. ఎంత గట్టిగా తగిలిందో మాత్రం వేస్తారు. కాబట్టి కొట్టేముందు పదిసార్లు ఆలోచిస్తారు. పైగా నియమాలన్నీ అందరూ చదవాలని ఎక్కడుంది? నడిపేవాడికి తెలిస్తే చాలు. నిజం చెప్పండి, మీ బ్యాచ్‌లో ఐదో ఎడిషన్ పుస్తకం మొత్తం చదివినవాళ్ళు ఎంతమంది? :)

"డబ్బులు పోసి కొన్నాం కదా!" 2024 నాటి మూడు ముఖ్య పుస్తకాలూ ఒక్కోటి యాభై డాలర్లు. పోయిన డబ్బు పోయింది. టికెట్ కొన్నాం కదా అని ఫ్లాప్ సినిమా రెండోసారి చూడం. 'కెయిర్న్' ఉచితమని చెప్పాను, 'ఐరన్‌స్వార్న్' ఉచితం, 'పాథ్‌ఫైండర్' రెండో ఎడిషన్ నియమాలు 'ఆర్కైవ్స్ ఆఫ్ నెథిస్' సైట్లో ప్రచురణకర్త అనుమతితోనే మొత్తం ఉచితంగా ఉన్నాయి.

"అందరూ ఆడేది అదే, వేరేది నేర్చుకుంటే మనుషులు దొరకరు." ఇందులో కొంత న్యాయం ఉంది. ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఆడాలంటే డీ అండ్ డీ అంత సులువుగా ఇంకోటి దొరకదు. ఒప్పుకుంటాను. లెవెల్ పెరుగుతున్నకొద్దీ కొత్త ఆయుధాలు, కొత్త మంత్రాలు, ఆఖర్లో డ్రాగన్‌తో భీకరయుద్ధం... ఆ సరదా కూడా అది బాగానే ఇస్తుంది. కానీ ఒకే వెండార్‌కి తల తాకట్టు పెడితే ఏమవుతుందో మనకి వేరే చెప్పాలా? 2023 జనవరిలో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ (1999 నుంచీ హాస్బ్రోది) 2000 నుంచీ అమల్లో ఉన్న ఓపెన్ గేమ్ లైసెన్సుని మార్చబోతోందని ముసాయిదా బయటపడింది. దానిమీద బతుకుతున్న చిన్న చిన్న ప్రచురణకర్తలందరికీ గుండె ఆగినంత పనైంది. ఆటగాళ్ళు గోలగోల చేస్తే అదే నెల 27న వెనక్కి తగ్గి, మూల నియమాల్ని క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేశారు. గోల చెయ్యగలిగారంటే వాళ్ళకి వెళ్ళడానికి వేరే చోటు ఉంది కాబట్టే.

ఇక ప్రపంచాల సంగతి. ఇక్కడ నా బాధ ఇంకొంచెం ఎక్కువ. బేతాళ కథలు చదివి, కాశీమజిలీలు విని, విఠలాచార్య సినిమాలు చూసి పెరిగినవాళ్ళం. 'పాతాళభైరవి' మాంత్రికుణ్ణి చూసి దుప్పటి ముసుగేసుకున్న పిల్లలం. పెద్దయ్యాక ఊహాలోకం అనగానే మనకి యూరపు సత్రం, బీరు, చలికోటు తప్ప ఇంకేం గుర్తుకు రాదా? మన రాక్షసుణ్ణి 1977 నాటి 'మాన్‌స్టర్ మాన్యువల్'లో పులి తలతో, కోటు తొడిగి, చేతికి పొగగొట్టం ఇచ్చి కూర్చోబెట్టారు. మంత్రించిన క్రాస్‌బో బాణం వేస్తే చస్తాడట. మనం కూడా నోర్మూసుకుని అదే బాణం వేస్తున్నాం!

నియమాలు మార్చడానికి మనసొప్పకపోతే కనీసం లోకం మార్చండి. 1991 నాటి 'డార్క్ సన్'లో మంత్రం వేస్తే నేల చచ్చిపోతుంది, ఇనుము బంగారంకంటే అపురూపం. 2004 నాటి 'ఎబెరాన్'లో మంత్రంతో రైళ్ళు నడుస్తాయి, మహాయుద్ధం అప్పుడే ముగిసింది. 2022లో వచ్చిన 'జర్నీస్ త్రూ ది రేడియంట్ సిటడెల్'లో మిమి మండల్ రాసిన కథ బెంగాలు నేలని తలపించే లోకంలో నడుస్తుంది. ఆవిడ తన ఊరిని తెచ్చి బల్లమీద పెట్టింది, మనకేం రోగం? మధిర సుబ్బన్న దీక్షితులుగారి 'కాశీమజిలీ కథలు' చూడండి. యతి, గొల్లపిల్లవాడు కాశీకి నడుస్తుంటారు, మజిలీకో వింత, వింతకో కథ. ఏళ్ళ తరబడి ఆడుకోదగ్గ క్యాంపెయిన్‌కి చట్రం మన ఇంట్లోనే బీరువాలో ఉంది.

ఒప్పించడం ఎలాగంటారా? లెక్చరు ఇస్తే ఎవడూ వినడు. ఈ పద్ధతి ప్రయత్నించండి.

మొదటిది, నడుస్తున్న క్యాంపెయిన్‌ని చంపొద్దు. "డీ అండ్ డీ మానేద్దాం" అనకండి. "డీఎంకి మూడు వారాలు సెలవిద్దాం" అనండి. కాదనేంత కఠినాత్ముడెవడూ ఉండడు.

రెండోది, ఎవడికేం ఇష్టమో చూసి ఆట ఎంచండి. మ్యాపు మీద ఎత్తుపైఎత్తులు వేసేవాడికి వంతుకి మూడు చర్యలిచ్చే 'పాథ్‌ఫైండర్' రెండో ఎడిషన్. మాటకారికి 'బ్లేడ్స్'. టైము లేనివాడికి 'కెయిర్న్'. నవ్వుకోవాలంటే స్వీడన్‌వాళ్ళ 'డ్రాగన్‌బేన్', అందులో కత్తి పట్టిన బాతుగా కూడా ఆడొచ్చు.

మూడోది, పాత్రలు ముందే తయారుచేసి తీసుకెళ్ళండి. మొదటి పావుగంటలో పాచిక పడాలి. నియమాలు అవసరం వచ్చినప్పుడు చెప్పుకోవచ్చు.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది: ఆట మార్చమని అడిగినవాడే నడపాలి. అలిసిపోయిన డీఎం నెత్తిన ఇంకో పుస్తకం పెట్టడం అన్యాయం. ఆయన్ని కుర్చీ ఇటువైపు తెచ్చి, చేతికి ఒక పాత్ర ఇచ్చి, "నువ్వేం చేస్తావు?" అని అడగండి. నడపడానికి నిజంగా ఎవరూ లేకపోతే షాన్ టామ్‌కిన్ రాసిన 'ఐరన్‌స్వార్న్' (2018) ఉంది. దాన్ని నడిపేవాడు లేకుండానే అందరూ కలిసి ఆడుకోవచ్చు.

అడుగుతున్నది మూడంటే మూడు శనివారాలు. నచ్చకపోతే నాలుగో శనివారం మీ సత్రం మీకుంటుంది, ముసుగేసుకున్న ముసలాయన అక్కడే కూర్చుని ఉంటాడు. గోబ్లిన్లు ఎక్కడికీ పోవు. పోయేది మనుషులే.