తొలి పొరపాటు బొమ్మతోనే తీరవలెను

జంషెడ్‌పూరు భుయ్యాడీహ్‌లో కాన్పునకు సిద్ధమగు తల్లికి చేయి తిరిగిన వైద్యులు కావలెను. కాన్పు పిదప రక్తస్రావము మితిమీరినచో గర్భాశయమును మర్దించుట, మందిచ్చుట, తోడివారిని పిలుచుట నిమిషములలో జరుగవలెను. పుస్తకము తెరచి చూచుటకు అప్పుడు వ్యవధి యుండదు.

18వ శతాబ్దమున ఫ్రాన్సులో మదాం దు కుద్రే అను మంత్రసాని గుడ్డబొమ్మపై వేలకొలది స్త్రీలకు కాన్పు చేయు విద్య గరపెను. మన దేశమున 2019 నాటి వైద్యవిద్యా ప్రణాళికయు నైపుణ్య ప్రయోగశాలలకు స్థానమిచ్చినది. జంషెడ్‌పూరులో 1961 నుండి వైద్య కళాశాల గలదు.

ఏ కళాశాలయందైనను బొమ్మను అలమరలో నుంచిన ప్రయోజనము లేదు. ప్రతి విద్యార్థియు స్వహస్తములతో పలుమార్లు అభ్యసించి, లోపములను గురువుతో చర్చించి దిద్దుకొనవలెను. తల్లికి ధైర్యము చెప్పుట మాత్రము అనుభవజ్ఞుల చెంత, తల్లుల ఎదుటనే అలవడును. పొరపాటు పడిన బొమ్మను మరల సిద్ధము చేయవచ్చును. పోయిన తల్లిని తేలేము.